గౌడదేశపు గురువు, కృష్ణ ఒడ్డున గురుకులం



కద్మాలో ఆంధ్ర అసోసియేషన్, బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామ మందిరం. ఈ రెండు పేర్లు వినని తెలుగిల్లు జంషెడ్‌పూర్‌లో ఉండదు. సాక్చి దగ్గర ఇనుము కర్మాగారం లేచాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి మనవాళ్లు బెంగాల్ నాగపూర్ రైలెక్కి తరతరాలుగా ఇటు వచ్చారు. కొలిమి దగ్గర, క్రేను మీద, రైలుపట్టాల పక్కన పనిచేశారు. క్వార్టర్లలో కాపురాలు పెట్టి, గుడి కట్టుకుని, పిల్లలను చదివించుకున్నారు. ఈ కథ మన ఇళ్లలో పెద్దలు చెబుతూనే ఉంటారు.

ఈ రోజు చెప్పబోయేది దీనికి ఎదురుదారిలో నడిచిన కథ. ఏడున్నర శతాబ్దాల కిందట మన పక్క దేశం నుంచి ఒక పండితుడు తెలుగునేలకు వెళ్లాడు. కృష్ణానది ఒడ్డున ఒక మఠం కట్టించాడు. అందులో పిల్లలు ఉండి చదువుకున్నారు. వాళ్లకు కూడు, గుడ్డ, గురువు, వైద్యుడు అన్నీ అక్కడే. ఆ మఠం గోడలు ఇప్పుడు లేవు. దాని ఏర్పాటు మాత్రం, ఎవరికి ఎంత భూమి, ఏ పనికి ఎంతమంది అన్న లెక్కతో సహా, ఒక రాతిస్తంభం మీద మిగిలింది. చరిత్రకారులు దాన్ని మల్కాపురం శాసనం అంటారు. ఆ మఠం పేరు విశ్వేశ్వర గోళకీ మఠం. కట్టించిన ఆచార్యుడు విశ్వేశ్వర శంభువు.

ముందు ఆయన ఊరు సంగతి చూద్దాం. శాసనం ఆయనది గౌడదేశంలో దక్షిణరాఢలోని పూర్వగ్రామం అని చెబుతుంది. రాఢ అంటే భాగీరథికి పడమట ఉన్న బెంగాల్ నేల. మన ఊరి సువర్ణరేఖ ఘాట్‌శిల దాటి బెంగాల్‌లో అడుగుపెట్టి మేదినీపూర్ పొలాల మీదుగా సముద్రానికి పోతుంది. దానికి అవతల, హుగ్లీ వైపు ఉన్న ప్రాంతాన్ని పాతకాలంలో దక్షిణరాఢగా లెక్కపెట్టేవారు. రాజేంద్రచోళుడి తిరుమలై శాసనంలో, ఆయన సేన గంగవైపు వచ్చినప్పుడు జయించిన దేశాల వరుసలో, ఈ దక్షిణరాఢ పేరుంది. అంతకు ముందే అది తర్కశాస్త్రానికి పేరుమోసింది. న్యాయకందళి అనే గొప్ప తర్కగ్రంథాన్ని శ్రీధరాచార్యుడు క్రీ.శ. 991లో ఈ దక్షిణరాఢలోని భూరిసృష్టి గ్రామంలోనే ముగించాడు. విశ్వేశ్వర శంభువు పుట్టింది అలాంటి చదువుల సీమలో.

ఆయన చేరిన సంప్రదాయం ఇంకా పాతది. భాగీరథికీ నర్మదకూ నడుమ ఉన్న దేశాన్ని డాహళ మండలం అనేవారు. అక్కడ కలచురి రాజు యువరాజదేవుడు సద్భావశంభువు అనే శైవాచార్యుడికి మూడు లక్షల గ్రామాల సీమను భిక్షగా ఇచ్చాడనీ, ఆ ఆచార్యుడు దానితో గోళకీ మఠాన్ని స్థాపించాడనీ మల్కాపురం శాసనం చెబుతుంది. లక్షల మాటలో పొగడ్త పాలు ఉండవచ్చు. పదో శతాబ్దంలో కలచురి రాజులు శైవమఠాలను గొప్పగా పోషించారన్నది మాత్రం రాళ్ల సాక్ష్యం ఉన్న నిజం. జబల్‌పూర్ దగ్గర భేడాఘాట్‌లో నర్మద పైన గుట్టమీద గుండ్రని ప్రాకారంతో చౌసఠ్ యోగినీ ఆలయం ఉంది. గోళకీ అన్న పేరు ఆ గుండ్రదనం నుంచే వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ మఠం గురుపరంపరలో సోమశంభువు ఉన్నాడు. శైవుల నిత్యకర్మలకు, దీక్షావిధులకు ఆయన రాసిన పద్ధతి గ్రంథం దేశమంతా ప్రమాణమైంది. ఆ పరంపరలో ధర్మశంభువుకు శిష్యుడు మన విశ్వేశ్వర శంభువు.

ఆయన ఓరుగల్లుకు వచ్చేటప్పటికి కాకతీయ గణపతిదేవుడు రాజు. 1199లో సింహాసనమెక్కిన గణపతిదేవుడు అరవై ఏళ్లకు పైగా పాలించి, తెలుగునాడులో చాలా భాగాన్ని ఒక్క ఏలుబడి కిందికి తెచ్చాడు. మోటుపల్లి రేవుకు వచ్చే వర్తకులకు అభయమిచ్చిన రాజు ఆయన. అంతటి ప్రభువు ఈ గౌడపండితుడి దగ్గర శివదీక్ష తీసుకుని, తన్ను ఆయన కొడుకుగా చెప్పుకున్నాడు. చోళరాజు, మాళవరాజు కూడా ఈ ఆచార్యుడి శిష్యులని శాసనం అంటుంది. వేరు భాష మాట్లాడే దూరదేశపు మనిషిని తెలుగు రాజు గురుపీఠం మీద కూర్చోబెట్టాడు. పొట్టకూటికి మరో రాష్ట్రం వచ్చి స్థిరపడిన మనబోటి వాళ్లకు ఈ మాట దగ్గరగా తోస్తుంది.

ఇక దానం సంగతి. కృష్ణకు దక్షిణపు గట్టున, వెలినాటి సీమలో, మల్కాపురం పక్కనే మందడం అనే గ్రామం ఉంది. దాన్ని గురువుకిస్తానని గణపతిదేవుడు మాటిచ్చాడు. ఆ మాటను శాసనంగా చేసింది ఆయన కూతురు రుద్రమదేవి. తండ్రి ఇస్తానన్న మందడంతో పాటు వెలగపూడి గ్రామాన్నీ, కృష్ణలోని లంకభూములనూ కలిపి ధారపోసింది. శకవర్షం 1183, దుర్మతి సంవత్సరం. అంటే క్రీ.శ. 1261. రుద్రమ అప్పటికి తండ్రితో కలిసి రాజ్యభారం మోస్తోంది.

రెండు ఊళ్ల ఆదాయం చేతికొచ్చాక విశ్వేశ్వర శంభువు ఏం చేశాడో వినండి. విశ్వేశ్వరుడి గుడి కట్టించాడు, మఠం కట్టించాడు, చుట్టూ ఒక ఊరు కట్టించాడు. ద్రావిడదేశం నుంచి అరవై బ్రాహ్మణ కుటుంబాలను రప్పించి, ఇంటికి రెండు పుట్ల చొప్పున భూమి ఇచ్చి నిలబెట్టాడు. మిగిలిన రాబడిని మూడు భాగాలు చేశాడు. ఒక భాగం గుడికి. ఒక భాగం మఠానికీ, అందులో ఉండి చదువుకునే విద్యార్థులకూ. మూడో భాగం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, బ్రాహ్మణ సత్రానికి.

ఈ మూడో భాగం దగ్గర కాసేపు ఆగుదాం. పదమూడో శతాబ్దంలో, తెలుగునేల మీద, కాన్పుల కోసం ప్రత్యేకంగా ఒక శాల. దాని ఖర్చుకు శాశ్వతంగా పొలం. మఠాలకు భూములిచ్చిన శాసనాలు వందల్లో దొరుకుతాయి. ప్రసూతిశాల మాట మాత్రం చాలా అరుదు. సన్యాసి నడిపే మఠంలో కాన్పుల శాల ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడ మఠం ఒక్కటే లేదు. అరవై కుటుంబాలున్నాయి, పనివాళ్లున్నారు, వాళ్ల భార్యాబిడ్డలున్నారు. వాళ్లందరి బాగు చూడటం కూడా తన బాధ్యతేనని ఆ ఆచార్యుడు అనుకున్నాడు.

చదువు సంగతికొస్తే, ఋగ్వేదం, యజుర్వేదం, సామవేదం చెప్పడానికి ముగ్గురు గురువులు. వ్యాకరణం, మీమాంస, తర్కం, సాహిత్యం, ఆగమం చెప్పడానికి మరో అయిదుగురు. అంటే మొత్తం ఎనిమిదిమంది అధ్యాపకులు. రోగం వస్తే చూడటానికి ఒక వైద్యుడు. జమాఖర్చులు రాయడానికి ఒక కాయస్థుడు. వంటకు, వడ్డనకు, మఠం పనులకు మనుషులు. గుడిలో సేవకు పదిమంది నర్తకులు, పద్నాలుగుమంది పాటకత్తెలు, మద్దెల, కరడ వాయించేవాళ్లు, కాశ్మీరదేశం నుంచి వచ్చిన ఒక గాయకుడు. ఊరి కాపలాకు వీరభద్రులు అనే రక్షకభటులు. కంసాలి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, మేదరి, మంగలి వంటి వృత్తులవారు. వీళ్లందరికీ మాన్యాలు. మఠాధిపతికి నూరు నిష్కాలు.

ఆ మఠాధిపతి పదవికి హద్దు కూడా ఉంది. పీఠం మీద ఉన్నవాడు నడత తప్పితే శైవసమాజం కలిసి అతన్ని దించి, తగినవాణ్ణి కూర్చోబెట్టాలి. ధర్మసంస్థల ఆస్తులు ఎలా చేతులు మారతాయో, ఎలా కరిగిపోతాయో మనం చూస్తూనే ఉన్నాం. ఆ ప్రమాదాన్ని స్థాపించిన రోజే గుర్తించి, ఆ మాటను రాతిమీద చెక్కించడం ఎంతో దూరదృష్టి.

ఇప్పుడు కట్టడం సంగతి. మల్కాపురంలో మఠం గోడలు లేవు కాబట్టి, అది ఎలా ఉండేదో తెలియాలంటే అదే వంశానికి చెందిన కట్టడాలు ఎక్కడ నిలిచి ఉన్నాయో చూడాలి. మధ్యప్రదేశ్ సీధీ జిల్లాలో చంద్రేహె అనే చిన్న ఊరు. శోణనదికి దగ్గరలో, కలచురులు పోషించిన శైవాచార్యుల మఠం ఒకటి అక్కడ ఇప్పటికీ ఉంది. పక్కనే వాళ్లు కట్టిన శివాలయం. ఆ గుడి పాదం దగ్గర్నుంచీ గుండ్రంగా ఉంటుంది. మనదేశంలో అలాంటివి చాలా కొద్ది. మఠాన్ని ప్రబోధశివుడు అనే ఆచార్యుడు కట్టించాడు. కలచురి సంవత్సరం 724, అంటే సుమారు క్రీ.శ. 973 నాటి శాసనం ఆ కట్టడంలోనే ఉంది. కొండలు తొలిచి దారి వేయించాడనీ, నీటి వసతి చేయించాడనీ అందులో ఆయన్ను కీర్తించారు. దారి, నీరు ముందు చూసుకున్నాకే చదువు.

లోపలికి వెళితే నడిమధ్య ఆకాశం కనిపించే నలుచదరపు ముంగిలి. ముంగిలి చుట్టూ స్తంభాల వసారా. వసారా వెనక వరసగా గదులు. అడ్డదూలాలు, స్తంభాలు, కప్పు అన్నీ రాతివే. గది తలుపు తీస్తే వసారా, వసారా దిగితే ముంగిలి. రాత్రి ఎవరి గదిలో వారు చదువుకోవచ్చు, పగలు అందరూ నడుమన కలుసుకోవచ్చు. ఒంటరితనానికీ కలివిడికీ ఒకే కప్పు కింద చోటు దొరికే కట్టడం ఇది.

ఈ నమూనా శైవులది మాత్రమే అనుకోకూడదు. మన నాగార్జునకొండలో మూడో శతాబ్దం, నాలుగో శతాబ్దపు ఇక్ష్వాకుల కాలంలో కట్టిన విహారాలు ముప్పైకి పైగా బయటపడ్డాయి. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు, 1954 నుంచి 1960 వరకు, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు జరిగాయి. మధ్యలో పలనాటి సున్నపురాయి స్తంభాల మండపం, మూడు వైపులా భిక్షువుల గదులు, పక్కన భోజనశాల, కొట్టుగది. బోధిసిరి అనే గృహిణి సింహళం నుంచి వచ్చే భిక్షువుల కోసం అక్కడ ఒక చైత్యగృహం కట్టించింది. ఇటు మనకు దగ్గరలో ఉన్న నలందలోనూ అదే పద్ధతి. ఇటుక గోడలు, ముంగిలి చుట్టూ గదులు, వసారా, ముంగిట్లో బావి. ఏడో శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన హ్యుయెన్‌త్సాంగ్ అలాంటి గదుల మధ్యే ఉండి చదువుకున్నాడు. మతాలు మారినా, దేశాలు మారినా, గురుశిష్యులు కలిసి ఉండి చదువుకునే ఇల్లు మాత్రం ఒకే ఒరవడిలో నడిచింది.

ఈ ఒరవడిని మనసులో పెట్టుకుని మల్కాపురం శాసనాన్ని మళ్లీ చదివితే, ఆ ఊరు కళ్ల ముందు నిలుస్తుంది. గుడికి ఎదురుగా ఆటపాటలకు మండపం కావాలి. ఎనిమిదిమంది గురువులు పాఠం చెప్పాలంటే విడివిడిగా వసారాలు కావాలి. సత్రానికి పెద్ద వంటిల్లు, పొడుగాటి పంక్తిశాల, ధాన్యపు గాదెలు కావాలి. ప్రసూతిశాల ఈ సందడికి కాస్త ఎడంగా ఉండాలి. వైద్యుడికి మందులు నూరుకునే చోటు కావాలి. చుట్టూ అరవై ఇళ్ల వీధులు, వాటి వెనక కమ్మరి కొలిమి, కుమ్మరి ఆవం. విశ్వేశ్వర శంభువు కట్టించిన మఠం ఇదొక్కటే కాదు. కాళేశ్వరంలోనూ ఆయన మఠం ఉంది. కృష్ణ ఒడ్డున ఏలేశ్వరంలో పదహారు ఆవరణల మఠాన్ని కట్టించాడని శాసనం చెబుతుంది. ఏలేశ్వరం నేడు సాగర్ నీళ్ల కింద ఉంది. పదహారు ఆవరణలు వేయించిన మనిషి మందడంలో చిన్న కట్టడంతో సరిపెట్టి ఉండడు.

ఒక ఊరిని ఇలా అన్ని వసతులతో కట్టడం జంషెడ్‌పూర్‌లో ఉన్నవాళ్లకు అర్థమైనంత తేలిగ్గా మరొకరికి అర్థం కాదు. పనివాడికి క్వార్టరు, జబ్బుచేస్తే ఆసుపత్రి, పిల్లలకు బడి, ఊరికి నీళ్లు – వీటన్నిటినీ ఒకే పథకంలో ఆలోచించి కట్టిన ఊళ్లో మనం బతుకుతున్నాం. జంషెడ్‌జీ టాటా ఇంకా ఊరు పుట్టకముందే కొడుకు దోరాబ్జీకి రాసిన ఉత్తరంలో విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు, అన్ని మతాల ప్రార్థనాలయాలకు చోటు ఉండాలని కోరాడు. మల్కాపురం శాసనం నడిపింది మఠాన్ని, ఇక్కడ నడిచేది కర్మాగారం. కాలం వేరు, ధ్యేయం వేరు. మనిషిని ఒక పనికి పిలిచినప్పుడు అతని బతుకంతటినీ పట్టించుకోవాలన్న బుద్ధి రెండుచోట్లా ఉంది.

ఆ కాలపు హద్దులను కూడా దాచకుండా చెప్పుకోవాలి. మఠంలో వేదం అందరికీ చెప్పలేదు. అరవై కుటుంబాలకు ఇచ్చిన భూమిని దున్నినవాళ్ల పిల్లలు ఆ వసారాల్లో కూర్చోలేదు. అన్నం దగ్గర మాత్రం ఆ ఆచార్యుడు గీత గీయలేదు. పేరుకు బ్రాహ్మణ సత్రమైనా, అందులో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి వరకు ఎవరు వచ్చినా, ఏ వేళ వచ్చినా అన్నం పెట్టాలని రాయించాడు. కాలాముఖులు, పాశుపతులు అనే శైవశాఖల వారికి, విద్యార్థులకు అన్నవస్త్రాలు ఇవ్వాలని రాయించాడు. అన్నానికి తెరిచిన తలుపు చదువుకూ తెరుచుకోవడానికి మన సమాజానికి మరో ఆరువందల ఏళ్లు పట్టింది. ఆ తలుపు పూర్తిగా తెరిచే పని నేటికీ మన చేతుల్లోనే ఉంది.

దక్షిణాదిలో ఇలాంటి విద్యాస్థానాలు మరికొన్ని ఉన్నాయి. తమిళనాట ఎణ్ణాయిరంలో పదకొండో శతాబ్దంలో రాజేంద్రచోళుడి కాలంలో 340 మంది విద్యార్థులు, 14 మంది అధ్యాపకులు. తిరుముక్కూడల్‌లో అదే శతాబ్దంలో విద్యార్థుల వసతితో పాటు పదిహేను పడకల ఆసుపత్రి. మల్కాపురం ఆ కోవలోదే. కాకపోతే ఇక్కడ కాన్పుల శాల కూడా తోడైంది. గౌడదేశపు గురువు, ద్రావిడదేశపు కుటుంబాలు, కాశ్మీరదేశపు గాయకుడు, తెలుగు రాణి – ఇంతమంది కలిస్తే ఆ ఒక్క ఊరు వెలసింది.

1323లో ఓరుగల్లు పడిపోయింది. కాకతీయుల అండ పోయాక ఇలాంటి మఠాలు ఒక్కొక్కటిగా చితికిపోయాయి. పొలాలు చేతులు మారాయి, గోడలు కూలాయి. శాసనస్తంభం మిగిలింది. సూర్యరాయాంధ్ర నిఘంటువుతో మనకు తెలిసిన జయంతి రామయ్య పంతులుగారు ఆ శాసనాన్ని పరిష్కరించి, ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలో ప్రకటించారు. ఆయన శ్రమ వల్లే ప్రసూతిశాల సంగతీ, అందరికీ అన్నం సంగతీ మనదాకా వచ్చాయి.

ఆ స్థలం ఇప్పుడు ఎక్కడుందో చెబితే ఆశ్చర్యపోతారు. రుద్రమదేవి ధారపోసిన వెలగపూడిలోనే నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉంది. మందడం, మల్కాపురం ఆ పక్కనే, అమరావతి రాజధాని ప్రాంతంలో. కొత్త రోడ్లు, కొత్త భవనాలు లేస్తున్న ఆ నేలమీద ఈ స్తంభానికి తగిన రక్షణ, పక్కన అందరికీ అర్థమయ్యే తెలుగులో శాసనసారం రాసిన పలక ఉండాలి. రాజధానికి వచ్చే ప్రతి బడిపిల్లవాడూ దాని ముందు నిలబడి చదవాలి. ఆ నేలమీద ఒకప్పుడు ఆసుపత్రి, గురుకులం ఎలా నడిచాయో తెలుసుకోవాలి. మీరు సెలవులకు ఊరెళ్లేటప్పుడు విజయవాడలో దిగి, ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా మందడం వెళ్లిరండి. పిల్లలను వెంట తీసుకెళ్లండి. మీరు పెరుగుతున్న ఊరికి ఆ పక్క సీమ నుంచే ఒక గురువు ఇక్కడికి వచ్చాడని వాళ్లకు చెప్పండి.

మన సంఘాల పెద్దలకు ఒక మనవి. పరాయిచోట తెలుగు నిలవాలంటే అభిమానం ఒక్కటే చాలదు. విశ్వేశ్వర శంభువు బడి పెట్టేటప్పుడు చదువు చెప్పేవాళ్లను ఎంచినంత శ్రద్ధగా వంటవాణ్ణి, వైద్యుణ్ణి, లెక్కలు రాసేవాణ్ణి ఎంచాడు. ఏ ఆదాయం ఏ పనికి వెళ్లాలో ముందే విడగొట్టాడు. అధిపతి తప్పు చేస్తే ఏం చేయాలో కూడా రాయించాడు. మనం కద్మాలో సాయంత్రపు తెలుగు తరగతి పెట్టినా, గోల్‌మురిలో పిల్లల గ్రంథాలయం తెరిచినా ఇదే క్రమం పాటిద్దాం. పంతులుగారి జీతం ఏ పద్దు నుంచి వస్తుందో, దూరం నుంచి వచ్చే పిల్లవాడికి ఏం పెడతామో, లెక్కలు ఎవరు చూస్తారో మొదటిరోజే కాగితం మీద పెడదాం. ఏ కులం పిల్లలైనా, ఏ భాష మాట్లాడే ఇంటి పిల్లలైనా వచ్చి కూర్చునేలా ఆ తలుపు తీసి ఉంచుదాం. విశ్వేశ్వర శంభువు అన్నం వరకు తీసుకొచ్చిన సమానతను చదువు వరకు తీసుకెళితే, ఆయన వదిలిన పనిని మనం పూర్తిచేసినట్లవుతుంది.